వేటకు ముందు గురి

పుట్టపర్తి చుట్టునున్న బోడిగుట్టలను ఎండవేళ చూచిన వారికి ఈ సంగతి క్రొత్త కాదు. ప్రొద్దెక్కిన కొలది దూరపు బండ నీటిలోని నీడవలె అల్లలాడును. వేడిగాలి పొరల గుండ వెలుగు వంగి వచ్చుటచేత ఆ బండ ఉన్నచోట కాక కొంచెము మీదుగానో ప్రక్కగానో అగపడును. అప్పుడు దానికి గురిపెట్టినచో చేయి ఎంత నిలకడగా ఉన్నను గుండు తప్పును. రైఫిలు అభ్యాసమునకు ఉదయపు చల్లనివేళయే మేలనుట ఇందుకే.

ఆఫ్రికాలోని నమీబియా మెట్టభూములును ఇట్లే ఎండినవి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1991 నాటి సవరణ కలిసి వినోదపు వేటను మాన్పించినవి. అచ్చట అది అనుమతి పత్రముతో ఇంకను సాగుచున్నది. వేట తగునా తగదా అనునది వేరు చర్చ. తొలిసారి సఫారీకి పోవువాడు చేయి కుదురకయే పోవుట మాత్రము ఏ పక్షము వారికిని సమ్మతము కాదు.

లైసెన్సు గల రైఫిలును గుర్తింపు పొందిన ఫైరింగు రేంజిలో బల్లపై ఆనించి మొదట గురి సరిచేయవలెను. పెద్ద మృగములకు పేరుపడిన .375 మాగ్నం రైఫిలును వంద గజములకు సరిచేసినచో, రెండువందల గజముల కడ గుండు కొన్ని అంగుళములు క్రిందికి దిగును.

అసలు చిక్కు భుజముతో వచ్చును. తుపాకి వెనుకకు తన్నునను భయమున పలువురు మీట నొక్కకముందే కన్ను మూసి భుజము బిగింతురు. తమకా అలవాటు లేదనియే అందరును ప్రమాణము చేయుదురు! దీనికొక పరీక్ష కలదు. మిత్రుడొకడు చెప్పకుండ ఒకసారి నిజమైన తూటాను, ఒకసారి ఉత్త తూటాను పెట్టి ఈయవలెను. ఉత్త తూటా వచ్చినప్పుడు గొట్టపు కొన క్రిందికి వంగినచో దోషము బయటపడినట్లే. అట్టివాడు చిన్న .22 రైఫిలుతో మరల మొదలుపెట్టుట మంచిది.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీయందు కంచు పతకము గెలిచినాడు. అందలి నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. కాని అచ్చట గురి తప్పినను చినుగునది కాగితమే. కుమావూనులోని చంపావత్ ఆడపులి 436 మందిని చంపినదని జిమ్ కార్బెట్ వ్రాసినాడు. 1907లో దానిని కూల్చి చూడగా కుడివైపు మీది కోర సగమునకు, క్రింది కోర మొదటికంట విరిగియుండెను. అది ఎన్నడో తగిలిన తుపాకి దెబ్బ. సహజమైన ఎరను పట్టలేకయే అది మనుష్యులకు మరిగినదని ఆయన నిర్ణయము.

కావున బల్లను విడిచి, మూడుకాళ్ల ఊతకర్రపై రైఫిలు నానించి నిలిచి కాల్చుట నేర్వవలెను. కొంత దూరము పరుగెత్తి, గుండె కొట్టుకొనుచుండగా కాల్చవలెను. గురికి చిన్న పళ్లెమంత కాగితము చాలును. ఐదు గుండ్లకు ఐదును దానిలో పడు దూరమే అతని హద్దు. అది ఎనుబది గజములైనచో ఎనుబదియే. వెంట వచ్చు వేటనాయకునికి ఆ అంకెను తొలినాడే చెప్పవలెను.