మీసేవ – మన విద్యార్థి

పరిపాలనకు, ప్రజలకు నడుమ గల దూరాన్ని మైళ్ళలో గాక రోజులలో కొలవవలసిన కాలమొకటి ఉండేది. ఆదాయ ధ్రువపత్రం కావలసిన కట్టంగూర్ పరిసర గ్రామాల కూలీ మండల కార్యాలయానికి పలుమార్లు తిరగవలసి వచ్చేది. తిరిగిన ప్రతిదినమూ కూలి పోయిన దినమే. ఆ దూరాన్ని తగ్గించిన సాధనాలలో ఆన్‌లైన్ సేవలు ముఖ్యమైనవి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రయత్నం 1999లో జంటనగరాలలో ‘ట్విన్స్’ అను ప్రయోగంతో ఆరంభమై, 2001లో ‘ఈసేవ’గా రూపొందింది. విద్యుత్తు, నీటి బిల్లులను ఒకేచోట చెల్లించే సౌకర్యం అట్లా ఏర్పడింది. 2011లో వచ్చిన ‘మీసేవ’ మరొక అడుగు ముందుకు వేసి, రెవెన్యూ ధ్రువపత్రాలను సైతం గ్రామీణుల చెంతకు చేర్చింది.

దీని కీలకం డిజిటల్ సంతకం. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం దానికి చట్టబద్ధత కల్పించింది. అధికారి తన రహస్య సంకేతంతో చేసే ఆ సంతకం పత్రంలోని ప్రతి అక్షరంతోను ముడిపడి ఉంటుంది. తరువాత ఒక్క అంకె మార్చినా అది చెల్లదు. పత్రంపై గల దరఖాస్తు సంఖ్యను బట్టి దాని నిజానిజాలను తేల్చుకొనవచ్చును.

మన విద్యార్థులకు ఇది కేవలం సౌకర్యం కాదు. చదువు కొనసాగుటకు ఆధారం. ఉపకారవేతనానికి ‘ఈపాస్’లో దరఖాస్తు చేయవలెనన్నా, ముస్లింలలోని కొన్ని వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం కల్పించిన బి.సి.–ఇ అవకాశం పొందవలెనన్నా ఈ పత్రాలే మూలం.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఉర్దూలో ఒకే తీరుగా వ్రాసే ‘ముహమ్మద్’ అను పేరు తెలుగులో మహమ్మద్, మహ్మద్, ఎం.డి. అని పలు రూపాలు ధరిస్తుంది. ఆడపిల్లల పేరు చివర ‘బేగం’ ఒకచోట ఉండి, మరొకచోట ఉండదు. మనిషి ఈ రూపాలన్నింటిలో ఒకే వ్యక్తిని గుర్తించగలడు. యంత్రం అక్షరాలను మాత్రమే పోల్చుతుంది. పదవ తరగతి మెమోలో ఒక తీరు, ఆధార్‌లో మరొక తీరు ఉంటే దరఖాస్తు నిలిచిపోయే ప్రమాదం ఉన్నది.

కనుక విద్యార్థులారా! గడువు సమీపించకముందే మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటిని పక్కపక్కన పెట్టి, పేరును అక్షరమక్షరం సరిచూసుకొనండి. తేడా ఉంటే వెంటనే సరిదిద్దించుకొనండి. ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యను ఎవరికీ చెప్పకండి. మీ వీధిలో చదువురాని పెద్దల దరఖాస్తులను చదివి వినిపించండి. యంత్రం వేగాన్ని ఇస్తుంది. ఆ వేగం పేదవాని గడప దాకా చేరుటకు చదువుకున్నవాని చేయూత కావలెను.