పక్షవాతము తగ్గినపిమ్మట నిలిచియుండు నొప్పి



పక్షవాతము వచ్చిన మనుష్యుడు బ్రదికి బయటపడి, కాలుసేతులు కొంత స్వాధీనమైనచో ఇంటివారు గండము గడచినదని యూరట చెందుదురు. అది సహజమే. అయితే కొందరికి గండము గడచిన కొన్ని వారములకో, కొన్ని నెలలకో క్రొత్త బాధ యొకటి మొదలగును. నేడు నేను మీతో ముచ్చటింప దలచినది ఆ బాధను గూర్చియే.

అరువదియేండ్ల రైతు నొకని తలంచుకొనుడు. ఆయనకు ఎడమవైపు పక్షవాతము వచ్చినది. మూడునెలలలో చేతికఱ్ఱ యూతతో నడువగలిగినాడు. అంతట ఎడమచేయియు, పాదమును రాత్రింబవళ్లు మండసాగినవి. మిరపపొడి రాచినట్లున్నదని యొకనాడును, మంచుగడ్డలో పెట్టినట్లున్నదని యొకనాడును, సూదులు గ్రుచ్చినట్లున్నదని వేఱొకనాడును చెప్పును. కండువా అంచు తగిలినను, చల్లగాలి సోకినను ఉలికిపడి కేకవేయును. ఇంటివారు ఆ చేతిని త్రిప్పి త్రిప్పి చూతురు. వాపు లేదు, పుండు లేదు, కందినది లేదు. పైగా ఆ చేతికి వేడియు చలియు సరిగా తెలియనే తెలియవు. "మొద్దుబాఱిన చేతికి నొప్పి యెక్కడిది? నాయనకు చాదస్తము హెచ్చినది" అందురు. ఆయన సిగ్గుపడి నోరు మూసికొనును. నొప్పికి తోడు ఈ నమ్మనితనము ఆయనను మఱింత క్రుంగదీయును.

ఆయన చెప్పునది ముమ్మాటికి నిజము. చేయి మొద్దుబాఱుటయు, చేయి మండుటయు ఒక్క కారణమునుండియే పుట్టినవి. ఆ కారణము చేతిలో లేదు, మెదడులో నున్నది.

ఇది యెట్లన: చర్మమునకు సోకిన వేడి, చలి, పోటు మొదలగువాని వార్తలను నరములు వెన్నుపాముద్వారా మెదడునకు చేరవేయును. మెదడు నడుమ కుడియెడమల థలామస్ అను భాగము గలదు. అది తపాలా కచేరివంటిది. వచ్చిన వార్తలను వేఱుపఱచి తగిన తావులకు పంపుట దాని పని. పక్షవాతమున రక్తనాళము మూసికొనిపోయినను, చిట్లినను ఆ కచేరియో, దానికి వచ్చు దారియో చెడవచ్చును. అప్పుడు వార్తలు తారుమారగును. చల్లగాలి వీచినదన్న కార్డుముక్క ఇల్లు తగులబడుచున్నదన్న తంతియై చేరును. ఒక్కొక్కప్పుడు ఏ వార్తయు రాకున్నను తంతి మ్రోగుచునే యుండును.

1906వ సంవత్సరమున పారిసు నగరమందు డెజెరీను, రూసీ అను ఇరువురు వైద్యులు థలామస్ చెడిన రోగులయం దీ బాధను వివరించిరి. మెదడునందు మఱియొక తావున ఆ స్పర్శమార్గము చెడినను ఇట్టి నొప్పియే రావచ్చునని పిమ్మట తేలినది. 1995లో డెన్మార్కు దేశమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పక్షవాతము వచ్చినవారిని ఒక సంవత్సరము పరిశీలింపగా నూటికి సుమారు 8 మంది కీ నొప్పి కనబడినది. కావున ఇది అరుదైన వింత కాదు.

అయితే పక్షవాతానంతరము వచ్చు ప్రతి నొప్పియు ఇది కాదు. చచ్చుబడిన చేతిని పట్టి రోగిని లేవనెత్తుటవలన భుజముకీలు వదులై నొప్పి పుట్టవచ్చును. దానికి చేతిక్రింద దిండు, తగిన వ్యాయామము మేలుచేయును. పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినచో రక్తము గడ్డకట్టియుండవచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలయును. మధుమేహమువలన కూడ పాదములు మండును. కాని అది సాధారణముగా రెండు పాదములను పట్టును. ఏది ఏదియో వైద్యుడు పరీక్షించి తేల్చవలయును.

ఇక చేయరానివి చెప్పెదను. నొప్పియున్న చోట వాతలు పెట్టింపకుడు. కాచిన ఇటుకతోను, ఇసుకమూటతోను కాపడము పెట్టకుడు. స్పర్శ తెలియని చర్మము కాలినను రోగికి తెలియదు. మెదడులోని చెఱుపునకు చేతిని కాల్చి ప్రయోజన మేమి? స్నానపు నీటి వేడిని మంచిచేతితోనో, ఇంటివారి చేతితోనో చూచిన తరువాతనే పోసికొనవలయును. అంగడిలో దొరకు నొప్పిబిళ్లలును దీనికి పెద్దగా పనిచేయవు. వానిలో పెక్కింటిని దీర్ఘకాలము మ్రింగినచో కడుపునకు, మూత్రపిండములకు చేటు. రక్తము గడ్డకట్టకుండుటకు ఆస్పిరిను వాడుచున్నవారికి రక్తస్రావభయము గూడ హెచ్చును.

మఱి పనిచేయునవి యేవి? నరములలోని వార్తల యుద్రేకమును తగ్గించు మందులు. 1989లో స్వీడను దేశమున 15 మంది రోగులపై జరిపిన పరీక్షలో ఆమిట్రిప్టిలిను అను మందువలన 10 మందికి గుణము కనబడినది. మందులేని ఉత్తబిళ్ల యిచ్చినప్పుడు ఒక్కరికి మాత్రమే కనబడినది. మనోవ్యాకులతకు వాడు మందే యిది. అంతమాత్రమున రోగి మనస్సు చెడినదని కాదు. 2001లో డెన్మార్కున 30 మందిపై లామోట్రిజిను అను మూర్ఛమందును పరీక్షింపగా, ఉత్తబిళ్లతో పదింట ఏడుపాళ్లుగా నున్న నొప్పి ఆ మందుతో ఐదుపాళ్లకు దిగినది. గాబాపెంటిను, ప్రీగాబాలిను అనువానిని గూడ వైద్యు లిత్తురు. మందులకు లొంగనివారిలో కొందరికి మెదడుపై సన్నని విద్యుత్తు ప్రసరింపజేయు చికిత్స గలదు. అది పెద్ద ఆసుపత్రులలో మాత్రమే సాధ్యము.

ఈ మందులు వృద్ధులకు జాగరూకతతో ఈయదగినవి. ఆమిట్రిప్టిలినువలన మత్తు, నోరెండుట, మలబద్ధము కలుగును. గుండెజబ్బు, నీటికాసులు, మూత్రము కష్టముగా వచ్చుట యున్నవారు ఆ సంగతి ముందుగనే వైద్యునకు చెప్పవలయును. రాత్రివేళ మత్తులో లేచి పడిపోకుండ దీపమును, తోడును ఉండవలయును. లామోట్రిజిను వాడునపుడు ఒంటిపై దద్దురు పుట్టినచో ఆ క్షణమే వైద్యుని చూడవలయును. ఏ మందైనను కొలదిగా మొదలుపెట్టి వారములతరబడి పెంతురు. నాలుగు దినములలో గుణము లేదని మానరాదు. గుణము కనబడిన పిమ్మటను వైద్యుని యడుగక ఒక్కసారిగా మానరాదు. రక్తపుపోటు మందులను మాత్రము దీనికొఱకు విడువకుడు. మాట తడబడినను, మూతి వంకరపోయినను, చేయి క్రొత్తగా చచ్చుబడినను క్షణ మాలస్యము చేయక 108కి కబురుచేయుడు.

ఇంటిలో చేయదగినవియు గలవు. వదులైన మెత్తని నూలుబట్టలు తొడుగుడు. చలిగాలి సోకకుండ చేతికి తొడుగు వేయుడు. ఆ చేతిని తాకుటకు ముందు చెప్పి తాకుడు. నొప్పి భయముచేత అవయవమును కదల్పకున్నచో కీళ్లు బిగిసికొనిపోవును. కావున నేర్పిన వ్యాయామము నిత్యము సాగవలయును. ఏ పూట నొప్పి పదింట నెన్నిపాళ్లున్నదో, నిద్ర యెంత పట్టినదో ఒక పుస్తకములో వ్రాసి వైద్యునకు చూపుడు.

ఈ నొప్పి పూర్తిగా పోవునని నేను ఆశపెట్టను. చాలమందికి అది తగ్గునే కాని మాయము కాదు. కాని ఏడుపాళ్లు ఐదుపాళ్లైనచో రాత్రి రెండుగంటలు కన్ను మూతపడవచ్చును; తెల్లవాఱి అరుగుమీదికి వచ్చి నలుగురితో కూర్చుండవచ్చును. అది తక్కువ లాభము కాదు.

మీ యూరిలో ఇట్టి బాధపడుచున్నవారున్నచో ఆ యింటికి పోయి, ఆయన మాట నిజమని ఇంటిల్లిపాదికి చెప్పుడు. పెద్దలు చెప్పినచో విందురు. ఆయనకు జరుగవలసిన మొదటి చికిత్స అదియే. మందులు దాని తరువాత.