నీలం రంగులోకి మారని గుర్తు

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ. ఆరాధన లేకుండా, మందిరం తాళమైనా తీయకుండా ఆదివారం గడిచిపోవడం మా సేవలో అదే మొదటిసారి. మూడు రోజులకే లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే, 12న ఈస్టర్. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలపై ప్రసంగాలైతే సిద్ధం చేసుకున్నాం గానీ, వినడానికి సంఘమేది?

నిజం చెప్పాలంటే అప్పటిదాకా మాకు ఈ ఫోన్లంటే పడదు. ఫేస్‌బుక్‌కు, వాట్సాప్‌కు వ్యతిరేకంగా యౌవనస్థుల కూటాల్లో ఎన్నిసార్లు గొంతు చించుకున్నామో లెక్కలేదు. సెమినరీలో గ్రీకు, హీబ్రూ నేర్చుకున్న మాకు ఒక వీడియో తీసి పదిమందికి పంపడం చేతకాలేదు. చివరికి మా సండేస్కూల్లో పెరిగిన ఇంటర్ కుర్రవాణ్ణి ఆశ్రయించాం. అతడు ఓపిగ్గా ఫోనులోనే అన్నీ నేర్పాడు. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి తీసిన మా మొదటి వీడియో చూసి అతడన్న మాట ఇంకా గుర్తుంది: ‘అయ్యగారూ, మీరు కాగితాన్నే చూస్తున్నారు, మమ్మల్ని చూడట్లేదు!’ పౌలు చెబుతుంటే రోమా పత్రిక రాసిపెట్టిన తెర్తియు (రోమా 16:22) కూడా ఇలాగే మధ్యలో ఏదో ఒకటి అని ఉంటాడనిపించింది.

జూమ్‌లో ఉచితంగా పెట్టుకునే కూటం 40 నిమిషాలకే ఆగిపోయేది. మా ప్రసంగమేమో గంట! సరిగ్గా మూడో అంశం దగ్గర తెర ఖాళీ అయ్యేది. ప్రసంగం కాస్త కుదించమని సంఘపెద్దలు ఏళ్ల తరబడి బతిమాలినా జరగని పని జూమ్ నెల రోజుల్లో చేయించింది. తర్వాత యూట్యూబ్ నేర్చుకున్నాం. దాంతోపాటు, ఎంతమంది చూశారో, కింద ఎన్ని ‘ఆమేన్’లు వచ్చాయో సోమవారం పొద్దున్నే లెక్కపెట్టుకోవడమూ నేర్చుకున్నాం. ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

సంఘానికి వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాం. కషాయాల చిట్కాలు, లేనిపోని పుకార్లు వచ్చి పడుతుంటే విసుగొచ్చి, అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేశాం. అంటే రోజూ మేము పంపుతాం, వాళ్లు చూస్తారు. మందిరంలోని వేదికనే ఫోనులోకి మోసుకొచ్చామని అప్పట్లో తట్టలేదు.

2021 మే. రెండో దశ కరోనా. ఒకరోజు పొద్దున మా సంఘంలోని ఒక సోదరి నుంచి మా నంబరుకు ఏదో వచ్చింది. చిన్న త్రికోణం, పక్కన సన్నని గీత. అలాంటివి రోజూ వస్తుండేవి. ఎవరో పాట పంపారనుకునేవాళ్లం. అలవాటుగా చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి పక్కన పెట్టేశాం. మూడో రోజు మా కుర్రవాడు, ‘అది పాట కాదు అయ్యగారూ, వాయిస్ మెసేజ్’ అని చెబితే నొక్కి విన్నాం. ఆమె భర్తకు ఆక్సిజన్ పెట్టారట. ఒక్కసారి ఫోనులో ప్రార్థన చేస్తే ఆయన చెవి దగ్గర పెడతానంది. వెంటనే ఫోన్ చేశాం. ఆ తెల్లవారుజామునే ఆయన ప్రభువునందు నిద్రించాడు.

తర్వాత పరామర్శకు వెళితే ఆ సోదరి ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ‘అయ్యగారి దండం వచ్చింది, మన కోసం ప్రార్థిస్తున్నారని ఆయనకు చెప్పానండి’ అంది. ఆ మాటకే మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. గేటు దాకా వచ్చిన వాళ్లమ్మాయి అసలు సంగతి చెప్పింది. పంపిన మాట అవతలివాళ్లు వింటే మైకు గుర్తు నీలం రంగులోకి మారుతుందట. అది మారుతుందేమోనని ఆ మూడు రోజులూ చూస్తూనే ఉందట.

ద్వితీయోపదేశకాండం 6:4ను యూదులు ‘షెమా’ అంటారు. అందులో మొదటి మాటకు ‘విను’ అని అర్థం. దాని మీద ఎన్నో ప్రసంగాలు చేశాం. వినాల్సింది సంఘం, చెప్పాల్సింది మేమనే ధోరణిలోనే చేశాం కాబోలు.

ఆ వారమే గ్రూపును అందరికీ తెరిచాం. పుకార్లు మళ్లీ వచ్చాయి. వస్తే రానీ, ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు చెప్పుకుంటున్నాం. రాత్రి భోజనం కాగానే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వచ్చిన ప్రతి మాటా వింటాం. పేరు పెట్టి పిలిచి మా గొంతుతోనే జవాబిస్తాం. బొమ్మలు పంపడం మానేశాం. ఫోను లేని వృద్ధుల ఇళ్లకు మాత్రం గురువారాలు నడిచి వెళతాం. సిరాతో కాదు, ముఖాముఖిగా మాట్లాడాలన్నదే యోహాను ఆశ కూడా (2 యోహాను 12).

మొన్న శనివారం ఆ సోదరి నుంచి మళ్లీ వాయిస్ మెసేజ్ వచ్చింది. మనవరాలికి జ్వరం తగ్గిందట, రేపు గుడికి తీసుకొస్తుందట. 20 సెకన్లు కూడా లేదు. రెండుసార్లు విన్నాం.