సేవ నేర్పే చదువు

విద్య వ్యక్తికి జ్ఞానాన్ని ప్రసాదిస్తుంది. ఆ జ్ఞానం ఎవరికి, ఏ విధంగా ఉపకరించాలన్న వివేకం మాత్రం సమాజంతో మెలిగినప్పుడే కలుగుతుంది. ప్రతిఫలం ఆశించక, ఎవరి నిర్బంధమూ లేక, ఇచ్ఛాపూర్వకంగా ఇతరులకు చేసే సాయమే స్వచ్ఛంద సేవ. విద్యార్థి సమాజాన్ని తెలుసుకోవడానికి ఇంతకంటె సులభమైన మార్గం లేదు.

సేవాభావం మన సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుని కథ ఇందుకు నిదర్శనం. 48 దినాలు అన్నపానీయాలు లేక కృశించిన ఆ రాజు, దొరికిన ఆహారాన్ని అతిథులకు పెట్టి, చివరకు మిగిలిన నీటిని సైతం దప్పికతో వచ్చిన వానికి అందించాడు. తన బాధను బట్టి ఎదుటివాని బాధను గ్రహించడమే ఆయన గొప్పతనం. సేవకు మూలం సంపద కాదు, ఈ గ్రహింపే.

స్వాతంత్ర్యానంతరం ఈ భావానికి విద్యాలయాలలో స్థానం కల్పించాలన్న ఆలోచన బలపడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, విద్యార్థుల జాతీయ సేవ స్వచ్ఛందంగా ఉండాలని సూచించింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ సంఘం దానిని నిర్బంధం చేయాలని కోరింది. తుదకు స్వచ్ఛంద మార్గమే నిలిచింది. పనిని శాసించవచ్చును గాని, మనసును శాసించలేము కదా! ఆ విధంగా 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. అనంతరం అది ఇంటర్మీడియట్ స్థాయికీ విస్తరించింది. కోణార్క సూర్యదేవాలయ రథచక్రం దాని చిహ్నం; ‘నేను కాదు, నీవు’ అన్నది దాని నినాదం.

ఈ పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవకు వినియోగించాలి. అంటే వారానికి సగటున రెండున్నర గంటలైనా కాదు. కనుక సేవ వల్ల చదువు కుంటుపడుతుందన్న భయం నిరాధారం. దత్తత గ్రామంలో ఏడు రోజులపాటు జరిగే ప్రత్యేక శిబిరంలో విద్యార్థులు కలసి వంట చేసుకుంటారు, వీధులు శుభ్రపరుస్తారు, ఇంటింటికీ వెళ్ళి గ్రామస్థుల ఇబ్బందులు తెలుసుకుంటారు. శ్రమ పట్ల గౌరవం, పదిమందితో కలసి పనిచేసే నేర్పు, పెద్దలతో మాట్లాడే మర్యాద అక్కడ అప్రయత్నంగా అలవడతాయి.

కొన్ని సేవలకు శిబిరమైనా అవసరం లేదు. దృష్టిలోపం గల అభ్యర్థులు పరీక్షలలో లేఖకుని సాయం పొందవచ్చు. అట్టి వారినే స్క్రైబ్ అంటారు. నిబంధనలు అనుమతించిన మేరకు ఇంటర్మీడియట్ విద్యార్థి పై తరగతి అభ్యర్థికి లేఖకుడు కావచ్చు. ప్రశ్నను స్పష్టంగా చదవాలి. చెప్పినది చెప్పినట్లు రాయాలి. తనకు మరొక సమాధానం తోచినా ఒక్క అక్షరం చేర్చరాదు. అతని చేయి ఏమరితే మరొకరి ఏడాది శ్రమ వృథా అవుతుంది. ఆ కొన్ని గంటలలో ఓర్పు, నిజాయితీ, శ్రద్ధగా వినడం ఎంత విలువైనవో అతనికి బోధపడుతుంది. అంతకంటె ముఖ్యంగా, చూపులేని వ్యక్తి జ్ఞాపకశక్తిని, పట్టుదలను దగ్గరగా చూచి, జాలి స్థానంలో గౌరవాన్ని నేర్చుకుంటాడు. సాయం చేయడానికి వెళ్ళినవాడే ఎక్కువ పొందివస్తాడు.

అయితే ఈ ప్రయోజనాలనే లక్ష్యంగా పెట్టుకుంటే సేవ నిస్సారమవుతుంది. ధ్రువపత్రం కోసం పేరు నమోదు చేసుకొని, ఛాయాచిత్రం కోసం మొక్క నాటి, వేసవిలో దానికి నీరు పోయడం మరచినవాడు నేర్చుకున్నది శూన్యం. నాలుగు నెలలపాటు దానిని సాకినవానికి ఏ పత్రమూ లేకున్నా బాధ్యత అలవడుతుంది. ఫలితం చెట్టు నీడ వంటిది. చెట్టును పెంచినవానికి నీడ తానుగా లభిస్తుంది. నీడను మాత్రమే కోరినవానికి చెట్టూ దక్కదు. విద్యార్థి ఈ సత్యాన్ని గ్రహించిననాడు అతని విద్య సార్థకమవుతుంది.