పనికి వెళ్లే దూరం - ఇంటికి మిగిలే ఆదాయం

శ్రీకాకుళం: శ్రీకాకుళం నగరానికి ఆనుకొని ఉన్న అరసవల్లి శ్రీ సూర్యనారాయణ స్వామి క్షేత్రంగా సుప్రసిద్ధము. ఇటువంటి ప్రాంతాల నుండి ఉపాధి నిమిత్తం రణస్థలం మండలంలోని పైడిభీమవరం పరిశ్రమలకు, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి వెళ్లి రావడం సాధ్యమే. వలస వెళ్లకుండా సొంత ఇంట ఉంటూ, తల్లిదండ్రులను, పొలమును చూసుకొనుటకు దినసరి ప్రయాణం వీలు కల్పిస్తుంది. అయితే దీనికి చెల్లించవలసిన మూల్యాన్ని ముందుగానే లెక్కించుకొనుట అవసరం.

ఉదాహరణకు అరసవల్లి నుండి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని పైడిభీమవరానికి మోటారు సైకిల్‌పై వెళ్లి వచ్చే కార్మికుడు రోజుకు 80 కిలోమీటర్లు ప్రయాణిస్తాడు. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున 25 పనిదినాలకు 40 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయలుగా లెక్కిస్తే నెలకు 4,400 రూపాయల వ్యయం అవుతుంది. 15,000 రూపాయల జీతంలో మిగిలేది 10,600 రూపాయలు మాత్రమే. ఇంటి సమీపంలో 12,000 రూపాయలకు లభించే పని దీనికంటే లాభసాటి. టైర్లు, మరమ్మతులు, బయట భోజనం ఖర్చులు దీనికి అదనం.

కాలవ్యయం కూడా గమనార్హం. పోవుటకు గంట, వచ్చుటకు గంట చొప్పున నెలకు 50 గంటలు రహదారిపై గడుస్తాయి. ఇది 8 గంటల పనిదినాలు ఆరింటికి మించిన సమయం. నిద్ర, పిల్లల చదువు పర్యవేక్షణ, వృద్ధుల సంరక్షణకు ఆ మేరకు సమయం తగ్గుతుంది.

అమెరికాలోని టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులపై జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, దినచర్యలోని పనులన్నింటిలో ఉదయపు ప్రయాణం అతి తక్కువ సంతోషాన్నిచ్చేదిగా వెల్లడైంది. ఎక్కువ జీతం గాని, మెరుగైన నివాసం గాని ప్రయాణపు శ్రమను పూర్తిగా భర్తీ చేయడం లేదని జర్మనీ కుటుంబాల సమాచారం ఆధారంగా స్టట్జర్, ఫ్రే అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధన తెలిపింది.

ప్రజా రవాణా ఈ భారాన్ని కొంతమేర తగ్గించగలదు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీ శక్తి పథకం ద్వారా రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సహా ఐదు రకాల ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యం కల్పించబడింది. విశాఖపట్నం వెళ్లేవారు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుండి రైల్వే నెలవారీ సీజన్ టికెట్‌ను వినియోగించుకొనవచ్చును. అయితే అరసవల్లి నుండి స్టేషన్ చేరుటకు పట్టే సమయం, ఖర్చు కూడా లెక్కలో చేర్చుకొనవలెను. ఛార్జీ తగ్గినను, లేక పూర్తిగా లేకపోయినను, ప్రయాణ సమయం మాత్రం తగ్గదు.

కావున దూర ప్రాంతంలో ఉద్యోగం అంగీకరించే ముందు జీతం నుండి ప్రయాణ వ్యయాన్ని మినహాయించి, మిగిలిన మొత్తాన్ని పనిగంటలు, ప్రయాణ గంటలు రెండూ కలిపిన సంఖ్యతో భాగించి చూడవలెను. పై ఉదాహరణలో 200 పనిగంటలకు 15,000 రూపాయల చొప్పున గంటకు 75 రూపాయలుగా కనిపించే వేతనం, ఈ విధంగా లెక్కిస్తే 42 రూపాయల 40 పైసలకు తగ్గుతుంది. కుటుంబ సభ్యులందరూ కలిసి ఈ లెక్కను పరిశీలించిన పిదప నిర్ణయం తీసుకొనుట శ్రేయస్కరం.