ఆఖరున మార్చాల్సింది విండోస్

విండోస్ 10 పదేళ్ల రెండున్నర నెలలు బతికింది. 2015 జులై 29న వచ్చింది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ దాని పోషణ, అంటే మామూలుగా అప్‌డేట్లు ఇవ్వడం, మానేసింది. ఆ మర్నాడు ఏ ఇంట్లోనూ కంప్యూటర్ ఆగిపోలేదు కాబట్టి సంగతి చాలామందికి పట్టనే లేదు. "బానే పనిచేస్తోందిగా, కెలకడం దేనికి?" అని నాన్నగారు అడిగితే చటుక్కున జవాబు చెప్పడం కష్టం. నిజంగానే బాగా పనిచేస్తోంది మరి.

ఆ జవాబు 59 అనే అంకెలో ఉంది. విండోస్‌లో ఒక పెద్ద లొసుగుని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న విడుదల చేసింది. సరిగ్గా అదే లొసుగులోంచి దూరిన వానాక్రై వైరస్ మే 12న విరుచుకుపడింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. బ్రిటన్ ఆస్పత్రులు అల్లాడాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. మందు తయారై 59 రోజులైంది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. పోషణ ఆగిన విండోస్ 10కి ఇకపై ఆ మందు దానంతటదే రాదు. దీనికి తోడు ఇంకో చిక్కుంది. విండోస్ 10, 11 లోపలి సరుకు చాలావరకు ఒకటే. 11 కోసం నెలనెలా వచ్చే అప్‌డేట్‌ని విప్పి చూసినవాడికి, 10లో పూడ్చకుండా మిగిలిన కన్నం ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

మరి 11కి మారిపోతే పోలా? చాలా యంత్రాలకి ఆ గడప దాటే అర్హత లేదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు పెద్ద అడ్డేమీ కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలన్న షరతులే అసలు అడ్డు. ల్యాప్‌టాప్ మీది స్టిక్కరు నమ్ముకోవద్దు, దానిమీద చాలాసార్లు "ఐ5" అని మాత్రమే ఉంటుంది. సెట్టింగ్స్‌లో పూర్తి నంబరు చూడండి: ఐ5-7200యు అంటే ఏడో తరం, ఐ5-8250యు అంటే ఎనిమిదో తరం. ఎనిమిదో తరం 2017లో వచ్చింది. అంతకు ముందు కొన్నవి దాదాపు అన్నీ గడప బయటే. ఇలా విండోస్ 10తో పాటు మూలన పడే ప్రమాదమున్న కంప్యూటర్లు ప్రపంచంలో 24 కోట్లని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 చివర్లో అంచనా కట్టింది. అడ్డదారిన 11 ఎక్కించే చిట్కాలు లేకపోలేదు. కానీ అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న పూచీ తనది కాదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. పెద్దవాళ్ల కంప్యూటర్‌కి ఆ దారి నేను సిఫారసు చెయ్యను.

మైక్రోసాఫ్ట్ ఒక వాయిదా మాత్రం ఇచ్చింది. ఇళ్లలో వాడేవాళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించింది. దీనికి 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1,000 ఇవ్వొచ్చు. కంప్యూటర్ సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బ్యాకప్ చెయ్యడానికి ఒప్పుకుంటే డబ్బే అక్కర్లేదు. ఒక అకౌంట్ మీద 10 కంప్యూటర్ల దాకా చేర్చొచ్చు, అంటే మన వైపు ఉమ్మడి కుటుంబానికి కూడా సరిపోతుంది. ఈ అదనపు ఏడాది ఎందుకు పనికొస్తుందో తర్వాత చెబుతాను.

పాత యంత్రం మీద వేరే సిస్టమ్ ఎక్కించాలంటే ముఖ్యంగా రెండు దారులు. ఒకటి గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్కు చాలు. పనంతా బ్రౌజర్‌లోనే గడిచిపోయేవాళ్లకి ఇది హాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం ఇందులో నడవవు, ఆ ఆశతో ఎక్కించుకోవద్దు. రెండోది లినక్స్. అందులో బోలెడు రకాలున్నా ఇంటికి నా ఓటు లినక్స్ మింట్‌కే. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే సుఖంగా నడుస్తుంది. మెనూ విండోస్ 10లో లాగే ఎడమ చేతి మూలనే ఉంటుంది. మ్యాక్ సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, అది సిస్టమ్ మార్చడం కాదు, కంప్యూటర్ కొనడం. పాత ఇంటెల్ మ్యాక్ ఎవరైనా ఇస్తామన్నా ఆలోచించండి. ఇంటెల్ ప్రాసెసర్ల మీద నడిచే చివరి మ్యాక్ ఓఎస్ 2025లో వచ్చిన టాహోయే.

ఇక్కడ లినక్స్ అభిమానులు తమ అంకెలు బయటికి తీస్తారు. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబర్ నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిట్లో లోపలున్నది లినక్స్ మూలభాగమైన కెర్నలే. స్టాట్‌కౌంటర్ అనే గణాంక సంస్థ లెక్కల్లో మన దేశపు డెస్క్‌టాప్‌లలో లినక్స్ వాటా 2024 మధ్యకి 15 శాతం దాటింది. అదే ఏడాది మొదట్లో ప్రపంచ సగటు 4 శాతం. అన్నీ నిజాలే. అయితే 500 సూపర్ కంప్యూటర్ల సంగతి విని మనసు మార్చుకున్న అత్తగారిని నేనైతే చూడలేదు. ఆవిడకి కావలసింది యూట్యూబ్ ఎక్కడుంది, ప్రింట్ ఎలా తియ్యాలి, ఫొటోలు ఏమయ్యాయి అన్నవే.

పనికొచ్చే లెక్క ఫ్రాన్స్‌లో ఉంది. అక్కడి జాతీయ పోలీసు దళం జాందర్మెరీ 2005లో ఎంఎస్ ఆఫీస్‌ని వదిలి ఓపెన్ ఆఫీస్‌కి మారింది. విండోస్ అలాగే ఉంచింది. 2006లో బ్రౌజర్, మెయిల్ మార్చింది: ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్. విండోస్ అప్పుడూ అలాగే ఉంది. 2008లో గానీ ఉబుంటు లినక్స్ మొదలుపెట్టలేదు. అప్పటికి సిబ్బంది రోజూ తెరిచే ప్రోగ్రాములన్నీ అలవాటైనవే, అవన్నీ ఉబుంటులోనూ అవే. విండోస్ విస్టాకి వెళ్లినా ఎలాగూ కొత్తగా నేర్పించాల్సిందేగా, ఆ నేర్పేదేదో ఇదే నేర్పిద్దామని ఆ దళం లెక్క వేసుకుంది. 2024 జూన్ నాటికి వాళ్ల 1,03,164 కంప్యూటర్లు, అంటే 97 శాతం, లినక్స్ మీద ఉన్నాయి.

ఇదే కాలంలో జర్మనీలోని మ్యూనిక్ నగరం కూడా బయల్దేరింది. లినక్స్‌కి మారాలని 2003లో నగర సభ తీర్మానం చేసింది. దాన్ని ఆపడానికి అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ మంచు విహారం మానుకుని మరీ మేయర్‌ని కలిశారు. 2013కి దాదాపు 15,000 కంప్యూటర్లు మారాయి. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని అదే నగర సభ తీర్మానించింది. ఎందుకన్న వాదన తెగలేదు, సాంకేతికం కన్నా రాజకీయం పాలే ఎక్కువని నా అనుమానం. దీన్నుంచి ఇంటికి పనికొచ్చేది ఒకటుంది: మార్చినంత మాత్రాన పని అయిపోదు, పద్నాలుగేళ్ల తర్వాత కూడా వెనక్కి పోవచ్చు.

దగ్గర్లోని ఉదాహరణ కేరళ. 2000ల తొలినాళ్లలోనే అక్కడి ప్రభుత్వ బడులు లినక్స్ బాట పట్టాయి. 2019లో రెండు లక్షల బడి కంప్యూటర్లకి కొత్త లినక్స్ సిద్ధం చేస్తూ, లైసెన్సుల రూపంలో 3,000 కోట్ల రూపాయలు మిగిలినట్టని అధికారులు లెక్క చెప్పారు. భాగహారం చేస్తే కంప్యూటర్‌కి లక్షన్నర. ప్రతి బడి కంప్యూటర్‌కీ అన్ని ఖరీదైన సాఫ్ట్‌వేర్లూ ఎవరైనా కొంటారా అన్నది వేరే ప్రశ్న. ఎంత తగ్గించి చూసినా చిన్న మొత్తమైతే కాదు. డబ్బుకన్నా పెద్ద సంగతి ఆ పిల్లలు మొదటిసారి మౌసు పట్టుకున్నదే లినక్స్ మీద. వాళ్లకి మానుకోవాల్సిన అలవాటే లేదు. మనింట్లో పెద్దవాళ్లకి పాతికేళ్ల అలవాటు ఉంది. ఊరెళ్లి వచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నీ కోడలు "బాగా" సర్దేస్తే అత్తగారికి ఎలా ఉంటుందో, ఆదివారం మధ్యాహ్నం సిస్టమ్ మార్చేసిన కొడుకుని చూస్తే తండ్రికీ అలాగే ఉంటుంది.

కాబట్టి ఆ పొడిగించిన ఏడాదిని జాందర్మెరీ చేసినట్టు వాడుకోవాలి. విండోస్‌ని ముట్టుకోకండి. ముందు ఒక కాగితం మీద నాన్నగారు కంప్యూటర్‌లో చేసే పనులు రాయండి, ఆయన్నే చెప్పమనండి. ఈపేపర్, బ్యాంకు, రైలు టికెట్, అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియో కాల్, అప్పుడప్పుడూ ఒక ఉత్తరం. దాదాపు అన్నీ బ్రౌజర్‌లో జరిగేవే. విండోస్‌లోనే ఫైర్‌ఫాక్సో క్రోమో అలవాటు చెయ్యండి, రెండూ మింట్‌లో కూడా ఉన్నాయి. ఉత్తరాలకి లిబ్రె ఆఫీస్, సినిమాలకి వీఎల్‌సీ పెట్టండి. కొన్ని నెలలు గడవనివ్వండి. ఆ తర్వాత సిస్టమ్ మార్చితే ఆయన కళ్లకి మారేది మెనూ, గోడ బొమ్మ. ఎలాగూ విండోస్ 11లో కూడా స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగింది. అందులోకి వెళ్లినా వెతుక్కోవడం తప్పదు.

మార్చకూడనివాళ్లూ ఉన్నారు, ఈ మాట అభిమానులు నొక్కేస్తారు. కొట్లో ట్యాలీ వాడే బావగారి జోలికి పోవద్దు, ట్యాలీ విండోస్ కోసం తయారైన సరుకు. వాలరెంట్ ఆడే మేనల్లుడినీ వదిలేయండి. ఆ ఆటలో దొంగాట పట్టే ప్రోగ్రాము లినక్స్‌లో నడవదు కాబట్టి ఆటా నడవదు. డీటీపీ పని చేసేవాళ్లకి అను ఫాంట్లు, పేజ్‌మేకర్ బతుకుతెరువు. వాళ్లకి విండోస్ 11 యంత్రం కొనిపెట్టడమే మర్యాద. ప్రింటర్ కూడా ముందే చూసుకోవాలి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు తగిలించగానే పనిచేస్తాయి. మన జిరాక్సు షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900ని లినక్స్‌లో నడిపించడానికి మాత్రం మంచి ఓపిక కావాలి.

తెలుగు సంగతి అనుకున్నదానికన్నా మెరుగు. యూనికోడ్‌లో మన లిపికి కేటాయించిన 128 గళ్లు ఏ సిస్టమ్‌లో అయినా అవే కాబట్టి, యూనికోడ్‌లో రాసిన ఉత్తరం మింట్‌లోనూ చక్కగా తెరుచుకుంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. పోతన, వేమన ఫాంట్లు దొరుకుతాయి. పేచీ రెండు చోట్ల. అనులో దాచుకున్న పాత ఫైళ్లు ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, వాటిని ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. గౌతమి ఫాంటు మైక్రోసాఫ్ట్‌ది, మింట్‌లో ఉండదు. అందులో చేసిన శుభలేఖ తెరుచుకుంటుంది గానీ వరసలు అటూ ఇటూ జరుగుతాయి.

వేగం గురించి ఒక హెచ్చరిక. "లినక్స్ పెట్టాక ల్యాప్‌టాప్ పరుగెడుతోంది" అనేవాళ్లలో చాలామంది అదే చేత్తో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ కూడా పెట్టించి ఉంటారు. పాత ల్యాప్‌టాప్ డిస్కు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 90 చుట్లు, ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చదివే సూది కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, సూది కదలడానికి ఇంకో 10, 12 మిల్లీసెకన్లు పడుతుంది. మొత్తం మీద సెకనుకి అలా చదవగలిగేది 60 సార్లకి అటూ ఇటూ. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అదే పని సెకనుకి వేలసార్లు జరుగుతుంది. ఒకటే ఖర్చు పెట్టగలిగితే ముందు ఎస్ఎస్‌డీకే పెట్టండి, సిస్టమ్ ఏదైనా సరే.

మార్చే రోజుకి ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, డిస్కుని తాకకుండా దాన్నుంచే కంప్యూటర్ నడిపి చూడొచ్చు. వైఫై, కెమెరా, స్పీకర్, ప్రింటర్ నాన్నగారి చేతే పరీక్షించండి. అంతకన్నా ముందు డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉందేమో చూసి, ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. బయోస్‌లో ఏదైనా మార్చాక విండోస్ దాన్ని అడిగితే, ఆ కీ దొరకనివాళ్లకి ఫొటోలు దక్కవు.

ఖర్చు లెక్కలో ఎవరూ వెయ్యని పద్దు ఒకటుంది. మింట్ ఉచితం, కానీ సిస్టమ్ మార్చిన మనిషే ఇకపై ఆ ఇంటి మెకానిక్కు. ప్రింటర్ మొరాయించినా, కరెంటు పోయి వచ్చాక వైఫై దొరక్కపోయినా నింద లినక్స్ మీదికే పోతుంది, ఫోను మీకే వస్తుంది. వీధి చివర రిపేరు షాపులో విండోస్ తెలిసినంతగా మింట్ తెలియదు. పండక్కి తప్ప ఇంటికి రాని కొడుకు ఈ పని నెత్తినెత్తుకునే ముందు ఆలోచించుకోవాలి. మింట్ 22కి అప్‌డేట్లు 2029 ఏప్రిల్ దాకా వస్తాయి. ఆ లోపు తర్వాతి మింట్ ఎక్కించాలి. దానికీ డబ్బు అడగరు, ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. కూర్చోవాల్సింది మాత్రం మీరే.