గృహస్థ పరిచర్యకు పిలుపు: వివేచన, ధ్రువీకరణ – తెలుగు ప్రాంత అనుభవాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అభిషేకం పొందని విశ్వాసి చేసే సేవకు కూడా దైవికమైన పిలుపు ఉంటుందన్న భావన నేటి ప్రధాన క్రైస్తవ శాఖలలో విస్తృతంగా కనిపిస్తుంది. ఆ పిలుపును ఎలా గుర్తించాలన్న విషయంలో మాత్రం అంత స్పష్టత లేదు. వ్యక్తి అంతరంగ ప్రేరణకూ సంఘ ధ్రువీకరణకూ మధ్య సాగే పరిశీలనగా ఈ వివేచనను వివరించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం. ధ్రువీకరించే సంఘం సైతం పరీక్షకు అతీతం కాదని యర్రగుంట్ల పేరయ్య, వి.ఎస్. అజరయ్యల జీవితాల ఆధారంగా ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: పిలుపు, వివేచన, గృహస్థ పరిచర్య, పేరయ్య, అజరయ్య, దోర్నకల్.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సంఘాలలో వాడుకలో ఉన్న ‘లే’ అనే మాటకు మూలం ‘లావోస్’ అనే గ్రీకు పదం. దానికి ‘ప్రజ’ అని అర్థం. ఈ వ్యాసంలో ‘గృహస్థ పరిచర్య’ అంటే అభిషేకం పొందని స్త్రీపురుషులు తమ కుటుంబ, వృత్తి జీవితాలలో ఉంటూనే సంఘం కోసమూ సమాజం కోసమూ చేసే సేవ. ఉపదేశి, లే రీడర్, సండే స్కూలు టీచరు, బైబిలు స్త్రీ వంటివారు ఈ పరిధిలోకి వస్తారు.

మధ్యయుగ ఐరోపాలో ‘పిలుపు’ అనే మాట ఎక్కువగా గురువులకూ సన్యాసులకూ పరిమితమై ఉండేది. బాప్తిస్మం పొందిన ప్రతి విశ్వాసీ యాజకత్వంలో భాగస్వామి అని 1520లో మార్టిన్ లూథర్ వాదించడంతో ఆ పరిమితి సడలింది. రెండవ వాటికన్ మహాసభ 1964, 1965 సంవత్సరాలలో వెలువరించిన పత్రాలు గృహస్థుల ప్రేషిత కార్యానికి బాప్తిస్మమే ఆధారమని స్పష్టం చేశాయి.

2. అంతరంగ పిలుపు – బాహ్య పిలుపు:
సంఘ పరిచారకుల విషయంలో జాన్ కాల్విన్ పిలుపును రెండు విధాలుగా చూశాడు. వ్యక్తి అంతరంగంలో దేవుని ఎదుట కలిగే ప్రేరణ మొదటిది. సంఘం బహిరంగంగా ఇచ్చే ఆమోదం రెండవది. ఈ విభజన గృహస్థ పరిచర్యకు కూడా వర్తిస్తుంది.

మొదటి సమూయేలు గ్రంథం మూడవ అధ్యాయం ఈ రెండింటి సంబంధాన్ని చక్కగా చూపుతుంది. బాలుడైన సమూయేలు పిలుపు విన్నాడు. కానీ అది ఎవరిదో తెలియక మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. పిలుపు వినని ఏలీయే అది ఎవరిదో గ్రహించాడు. అయితే ఆ పిలుపు ద్వారా అందిన తొలి సందేశం ఏలీ ఇంటిపై తీర్పు. అంటే, గుర్తించడానికి తోడ్పడిన పెద్దయే ఆ పిలుపు చేత ప్రశ్నింపబడ్డాడు. వివేచనలో ఇది తరచుగా విస్మరింపబడే అంశం.

3. యర్రగుంట్ల పేరయ్య – సంస్థకు ముందే సాక్ష్యం:
ఒంగోలు ప్రాంతంలోని తాళ్ళకొండపాడుకు చెందిన పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే యోగమార్గ గురువులను ఆశ్రయించిన జిజ్ఞాసువు. 1866లో బాప్తిస్మం పొందిన తరువాత, తాను పొందిన అనుభవాన్ని తన బంధువర్గానికీ తోళ్ళ వ్యాపారంలో పరిచయమైన వారికీ చెప్పసాగాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1867 ఆరంభంలో తాళ్ళకొండపాడుకు వెళ్ళేనాటికి, బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్న సమూహం అక్కడ కనిపించింది.

ఇక్కడ క్రమం గమనార్హం. సాధారణంగా నియామకం ముందు, సేవ తరువాత. పేరయ్య విషయంలో సేవ, దాని ఫలం ముందు వచ్చాయి. మిషను గుర్తింపు వాటిని అనుసరించింది. ఆయనను మొదట ధ్రువీకరించినవారు ఆయన మాట విని నమ్మిన సామాన్యులు. వర్ణవ్యవస్థ అంచుకు నెట్టిన సమాజంలో పుట్టిన వ్యక్తి పిలుపును, అదే సమాజం అందరికంటే ముందుగా గుర్తించింది.

4. వి.ఎస్. అజరయ్య – ఇతరులకు చెప్పిన మాట తనకే వినిపించడం:
తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో జన్మించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దాదాపు ముప్పై ఐదేళ్ళ వయస్సు వరకు గృహస్థుడే. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేస్తూ, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ప్రధానపాత్ర వహించాడు. ఆ సొసైటీ తన సేవాక్షేత్రంగా దోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. మిషనరీలుగా వెళ్ళమని యువకులను ప్రోత్సహిస్తున్న క్రమంలో, తానే ఎందుకు వెళ్ళకూడదన్న ప్రశ్న ఆయనను నిలదీసింది. 1909లో అభిషేకం పొంది దోర్నకల్ చేరాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న బిషప్‌గా ప్రతిష్ఠితుడయ్యాడు.

అజరయ్య గృహస్థ జీవితాన్ని కేవలం అభిషేకానికి సన్నాహంగా చూడడం సరికాదు. సొసైటీ నిర్మాణం ఆయన గృహస్థుడిగా చేసినదే. బిషప్ అయిన తరువాత కూడా సువార్త ప్రకటన జీతం తీసుకునే ప్రచారకుల పని మాత్రమే కాదని, బాప్తిస్మం పొందిన ప్రతివారి బాధ్యత అని ఆయన నొక్కిచెప్పాడు. దోర్నకల్ డయోసిస్ విస్తరణలో గ్రామ ఉపాధ్యాయులతో పాటు సామాన్య మాల, మాదిగ విశ్వాసుల సాక్ష్యం కూడా కీలకపాత్ర వహించింది.

5. ధ్రువీకరణలోని చిక్కులు:
పై ఉదాహరణల వెలుగులో మూడు సమస్యలు కనిపిస్తాయి.

మొదటిది, ఖాళీని పిలుపుగా పొరబడటం. సండే స్కూలుకు టీచరు లేనప్పుడు అడిగితే కాదనలేని వ్యక్తికి ఆ పని అప్పగించడం జరుగుతుంది. సంఘ అవసరం పిలుపుకు సందర్భం కావచ్చు. అదొక్కటే నిదర్శనం కాదు. తనకు ఆ వరం లేదని చెప్పడం కూడా వివేచనకు సక్రమమైన ఫలితమే.

రెండవది, ఉద్దేశాల కలగలుపు. జీతం, హోదా, కమిటీలో స్థానం ప్రేరణతో కలిసిపోవచ్చు. 1876–78 కరవుకాలంలో సహాయం కోసమే జనం వస్తున్నారేమోనన్న సందేహంతో క్లఫ్ బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయ కార్యక్రమం ముగిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అది పరిచర్యకు సంబంధించిన నిర్ణయం కాకపోయినా, అందులోని సూత్రం ఇక్కడా వర్తిస్తుంది: ప్రతిఫలం లేని కాలంలోనూ నిలిచే కోరికను నమ్మవచ్చు.

మూడవది, అన్నింటికంటే క్లిష్టమైనది, ధ్రువీకరించేవారి పక్షపాతం. కులం, ధనం, లింగం ఆధారంగా కొందరి పిలుపు సులభంగా వినిపిస్తుంది, మరికొందరిది వినిపించదు. క్యాథలిక్ సంఘంలో పఠనకర్త, పీఠసేవకుడు అనే స్థిరమైన గృహస్థ పరిచర్యలు 2021 జనవరి వరకు పురుషులకే పరిమితం. ఆ నెలలో పోప్ ఫ్రాన్సిస్ వాటిని స్త్రీలకు తెరిచాడు. అదే ఏడాది మే నెలలో ఉపదేశి పరిచర్యను అధికారికంగా స్థాపించాడు. అంతకుముందు ఎందరో స్త్రీలు వాక్యం చదివారు, ఉపదేశం చేశారు. లేనిది పిలుపు కాదు, దానిని గుర్తించే స్థానం.

6. ముగింపు:
• గృహస్థ పరిచర్యకు పిలుపు ఒక్క క్షణపు అనుభూతి కాదు. కాలం గడిచినా నిలిచే ప్రేరణ, తగిన వరం, సేవ పొందినవారి సాక్ష్యం, ఉన్న బాధ్యతలతో పొంతన – ఈ నాలుగింటిని కలిపి చూడాలి.
• సంఘ ధ్రువీకరణ అవసరం. కానీ ఆమోదం లభించనంత మాత్రాన పిలుపు లేదని తేల్చరాదు. ఎవరు, ఏ ప్రాతిపదికన కాదన్నారో కూడా పరిశీలించాలి.
• ధ్రువీకరణ పాస్టరేట్ కమిటీ గదిలోనే మొదలుకానవసరం లేదు. పేరయ్య విషయంలో అది తాళ్ళకొండపాడులో, ఆయన మాట విన్నవారి మధ్య మొదలైంది. కాబట్టి ఒకరి పిలుపును నిర్ణయించే ముందు, ఆ వ్యక్తి సేవను ఇప్పటికే పొందుతున్నవారిని అడగడం సంఘాల ప్రథమ కర్తవ్యం.